నిన్నటి హోమ్ రన్లకు రేపటి జీతం

2016 జనవరిలో బాల్టిమోర్ ఓరియోల్స్ బేస్‌బాల్ క్లబ్ క్రిస్ డేవిస్‌తో ఏడేళ్లకు 16.1 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకుంది. ఆ క్లబ్ అంతకు ముందు ఎవరికీ అంత సొమ్ము ఇచ్చి ఎరగదు. ఇవ్వడానికి కారణం అందరికీ కనబడుతూనే ఉంది. 2013లో 53 హోమ్ రన్లు, 2015లో 47. ఆ రెండేళ్లూ అమెరికన్ లీగ్‌లో అతనిదే మొదటి స్థానం. తీరా చూస్తే 2018లో అతని బ్యాటింగ్ సగటు 0.168. వందసార్లు బ్యాట్ పట్టుకుని దిగితే పట్టుమని పదిహేడు హిట్లు కూడా లేవన్నమాట. సీజన్ లెక్కకు సరిపడా ఆడిన బ్యాటర్లలో మేజర్ లీగ్ చరిత్ర మొత్తం మీద ఇంత తక్కువ సగటు ఇంకెవరికీ లేదు.

అక్కడితో ఆగలేదు. ఆ సెప్టెంబరు నుంచి మరుసటి ఏప్రిల్ దాకా వరుసగా 54 సార్లు ఒక్క హిట్టూ లేకుండా వెనక్కి వచ్చాడు. పిచర్లను పక్కన పెడితే అదీ రికార్డే. సొంత ఊరి మైదానంలో సొంత అభిమానులే గేలి చేశారు. చివరికి 2019 ఏప్రిల్ 13న బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్‌లో, మొదటి ఇన్నింగ్స్‌లోనే పిచర్ రిక్ పోర్సెల్లో బంతిని కొట్టి రెండు పరుగులు తెచ్చాడు. ఉత్త సింగిల్. మామూలు రోజుల్లో అయితే పత్రికలో ఒక వాక్యానికి కూడా నోచుకోని దెబ్బ. అదే రోజు ఇంకో రెండు హిట్లు కూడా కొట్టాడు.

గ్యాలరీలో కూర్చున్నవాళ్ల తీర్పు ఒక్కటే: డబ్బు చేతిలో పడింది, ఆట మీద ధ్యాస పోయింది. ఎవరి సంగతిలోనైనా అది కొంత నిజం కావచ్చు, మనసులో దూరి చూడలేం కదా. కానీ లెక్కలు వేసేవాళ్లు చెప్పేది వేరు. ఇలాంటి నిరాశలో పెద్ద భాగం సంతకం పెట్టిన నాడే ఖాయమై ఉంటుంది. ఆటగాడు ఆ తర్వాత చెమటోడ్చినా, ఓడ్చకపోయినా.

బేస్‌బాల్‌లో పదిసార్లలో మూడు హిట్లు కొట్టేవాడు గొప్ప బ్యాటర్. సగటు 0.300. ఇప్పుడు ఒక ఊహ చేద్దాం. లీగ్‌లో 250 మంది బ్యాటర్లు ఉన్నారు, అందరి అసలు సత్తా అచ్చంగా ఒక్కటే, 0.270. తలా 500 సార్లు బ్యాటింగ్‌కు దిగారు. నాణెం ఎగరేసినట్టు ప్రతిసారీ అదృష్టం తన పని తాను చేస్తుంది. బంతి ఫీల్డర్ చేతికి రెండు అంగుళాలు ఇవతల పడితే ఔట్, అవతల పడితే హిట్. సంభావ్యత సూత్రం ప్రకారం సీజన్ ముగిసేసరికి వాళ్లలో పదిహేను మందికి పైగా 0.300 దాటేస్తారు. ఏ తేడా లేనివాళ్లలోంచి పదిహేను మంది స్టార్లు పుట్టుకొస్తారు. పత్రికల ముఖచిత్రాలకెక్కేదీ, ఏజెంట్లు క్లబ్ యజమానుల ముందు పెట్టేదీ వాళ్ల అంకెలే. మరుసటి ఏడు అదృష్టం మళ్లీ కొత్తగా పంచుతారు. ఈ పదిహేను మందీ కలిసి మళ్లీ 0.270 దగ్గరికే వస్తారు. దిగజారారని మనం తిడతాం. నిజానికి వాళ్లు ఎక్కడికీ ఎక్కలేదు, ఎక్కడి నుంచీ దిగలేదు.

తల్లిదండ్రుల ఎత్తునూ పిల్లల ఎత్తునూ పోల్చి చూసి ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లోనే ఈ సంగతి రాశాడు. విపరీతమైన కొలత తర్వాత వచ్చే కొలత సగటు వైపే మొగ్గుతుందని. డేవిస్ ఆడిన బాల్టిమోర్ క్లబ్‌లోనే దీనికి ఓ పాత ఉదాహరణ ఉంది. బ్రాడీ ఆండర్సన్ 1995లో 16 హోమ్ రన్లు, 1996లో 50, 1997లో 18 కొట్టాడు. మధ్యలో ఉన్న ఆ 50 చూసి జీతం నిర్ణయిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

మరి ఎవరి అంకెను ఎంతవరకు నమ్మాలి? బ్రాడ్లీ ఎఫ్రన్, కార్ల్ మోరిస్ అనే ఇద్దరు సంఖ్యాశాస్త్రవేత్తలు 1970 సీజన్ మొదట్లో 18 మంది బ్యాటర్ల తొలి 45 బ్యాటింగ్‌లను తీసుకుని ఈ ప్రశ్నకు జవాబు వెతికారు. రోబెర్టో క్లెమెంటే 45కి 18 హిట్లు కొట్టాడు, సగటు 0.400. కింది నుంచి రెండోవాడు థర్మన్ మన్సన్, 45కి 8, అంటే 0.178. వీళ్లు మిగతా సీజన్‌లో ఎలా ఆడతారో చెప్పాలంటే ఎవరి అంకె వాళ్లకే ఉంచడం మామూలు పద్ధతి. సంఖ్యాశాస్త్రవేత్త చార్లెస్ స్టైన్ చూపిన దారి వేరు. అందరి అంకెల్నీ ఉమ్మడి సగటు 0.265 వైపు గట్టిగా లాగాలి. అలా లాగితే క్లెమెంటేకు 0.290, మన్సన్‌కు 0.247 వచ్చాయి. నిజంగా జరిగింది చూస్తే క్లెమెంటే 0.346 కొట్టాడు, మన్సన్ 0.316. క్లెమెంటే విషయంలో కొత్త లెక్క తక్కువ చేసి చూపినా, 18 మందినీ కలిపి, తప్పుల వర్గాలను కూడితే మొత్తం పాత పద్ధతిలో వచ్చినదానిలో మూడో వంతు కూడా లేదు. ఏప్రిల్‌లో పనికిరానివాడిలా కనిపించిన మన్సన్ ఆ ఏడు అమెరికన్ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. మొదటి నెల అంకెలు చూసి గోల చేసేవాళ్లు ఈ పేరు గుర్తుపెట్టుకుంటే బాగుండు.

పద్ధతి ఇదే అయినప్పుడు డేవిస్ 54 సున్నాలనూ అదే కంటితో చూడాలి. అతని అసలు సత్తా 0.168 మాత్రమే అనుకున్నా, వరుసగా 54 సార్లు తప్పే అవకాశం సుమారు ఇరవై వేలకు ఒకటి. ఆట పాడైన మాట నిజమే. ఆ పాడైన ఆటకు దురదృష్టం కూడా తోడైతే తప్ప ఆ రికార్డు రాదు.

ఇక వయసు. ఇది అదృష్టంలాగా అటూ ఇటూ ఊగేది కాదు, ఒకే దిక్కున పోతుంది. పిచర్ నిలబడే చోటి నుంచి హోమ్ ప్లేట్‌కు 18.44 మీటర్లు. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి అర సెకను గడవకముందే అక్కడికి చేరుతుంది. అందులోనే చూడాలి, తేల్చుకోవాలి, బ్యాట్ తిప్పాలి. ప్రతిస్పందనలో వచ్చే కాస్తంత జాప్యం మామూలు జీవితంలో తెలియదు గానీ ఇక్కడ హోమ్ రన్‌ను గాలిలోకి లేచిన క్యాచ్‌గా మారుస్తుంది. బ్యాటర్లకు మంచి వయసు దాదాపు 26 నుంచి 29. విచిత్రమేమిటంటే, ఆటగాడు తన శ్రమను బహిరంగ మార్కెట్‌లో అమ్ముకునే రోజు ఆ వయసు దాటాకే వస్తుంది.

1975 దాకా ఆటగాడు క్లబ్ ఆస్తిలాంటివాడు. ఆ డిసెంబరులో మధ్యవర్తి పీటర్ సైట్జ్ ఇచ్చిన తీర్పుతో ఆ కట్టు తెగింది. ఆ తర్వాత కుదిరిన నిబంధన ప్రకారం మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు పూర్తయితేనే ఫ్రీ ఏజెంట్, అంటే ఏ క్లబ్‌తోనైనా బేరమాడుకోగలవాడు. అప్పటికి చాలామందికి ముప్ఫై దగ్గర పడుతుంది. ఆల్బర్ట్ పూహోల్స్ సంగతే చూడండి. 2001లో తొలి సీజన్‌లోనే 37 హోమ్ రన్లు కొట్టాడు. ఆ ఏటి జీతం 2 లక్షల డాలర్లు, లీగ్‌లో కనీస వేతనం. సెయింట్ లూయిస్‌లో పదకొండేళ్లలో 445 హోమ్ రన్లు, 0.328 సగటు, మూడుసార్లు ఉత్తమ ఆటగాడు. 2011 డిసెంబరులో, 32 నిండబోతుండగా, ఏంజెల్స్ క్లబ్ పదేళ్లకు 24 కోట్లు రాసిచ్చింది. అక్కడ అతని సగటు 0.256. 2021లో 3 కోట్ల జీతం నడుస్తుండగానే మే నెలలో క్లబ్ అతన్ని వదులుకుంది. అభిమానులు అతన్ని ‘దండగ’ అన్నారు. నన్నడిగితే అతను మొదట్లో చేసిన పనికి కూలి ఆలస్యంగా ముట్టింది, అదీ వేరే క్లబ్ జేబులోంచి.

ఇవన్నీ క్లబ్‌లకు తెలియవా? తెలుసు. అయినా ఎక్కువ పెడతారు, ఎందుకంటే అది వేలం. నూజివీడు మామిడి తోట పూత మీద ఉండగా గుత్తకు పాడుకునేటప్పుడు పదిమంది వ్యాపారులు చెట్లు చూసి కాపు అంచనా కడతారు. అందరి అంచనాల సగటు సుమారు సరిగ్గానే ఉండొచ్చు, కానీ తోట దక్కేది సగటు మనిషికి కాదు, అందరికన్నా ఎక్కువ కాపు ఊహించుకున్నవాడికి. 1971లో అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్ చమురు కంపెనీ ఇంజినీర్లు ముగ్గురు, సముద్ర గర్భంలోని చమురు క్షేత్రాల వేలంలో గెలిచినవాళ్లు ఎందుకు చేతులు కాల్చుకుంటున్నారో ఈ తర్కంతోనే వివరించారు. దానికి ‘విజేత శాపం’ అని పేరు. 1980లో జేమ్స్ కాసింగ్, రిచర్డ్ డగ్లస్ అనే అర్థశాస్త్రవేత్తలు బేస్‌బాల్ ఫ్రీ ఏజెంట్ల లెక్కలు తీసి, క్లబ్‌లు ఇచ్చే ధర ఆటగాడి విలువను మించిపోతోందని చూపారు. ఐపీఎల్ చూసే మనకూ ఇది తెలిసిన కథే. 27 కోట్ల రూపాయలకు లక్నో కొనుక్కున్న రిషభ్ పంత్ 2025లో చేసిన 269 పరుగుల్లో 118 ఆఖరి మ్యాచ్‌లో వచ్చినవే.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. ఆటగాడి మోకాలు, భుజం, తుంటి ఎలా ఉన్నాయో అందరికన్నా బాగా తెలిసింది అతని పాత క్లబ్‌కే. ఆ క్లబ్బే పోటీ నుంచి తప్పుకుంటే అనుమానించాలి. 1984లో కెనెత్ లెన్ పరిశీలిస్తే, కొత్త క్లబ్‌కు మారిన ఆటగాళ్లు పాత చోటే ఉండిపోయినవాళ్లకన్నా ఎక్కువ రోజులు గాయాల జాబితాలో గడిపారు. డేవిస్ విషయంలో ఈ వివరణ పనికిరాదు. అతన్ని కొన్నది సొంత క్లబ్బే. తుంటికి శస్త్రచికిత్స జరిగి, 2021 ఆగస్టులో అతను ఆట మానేసినా, వాయిదా వేసుకున్న 4.2 కోట్ల డాలర్లు 2037 దాకా క్లబ్ చెల్లిస్తూనే ఉండాలి. ఆడినా ఆడకపోయినా ఒప్పందంలో రాసిన సొమ్ము ఇవ్వక తప్పదు, అక్కడి పద్ధతి అది.

క్లబ్‌లు ఈ మధ్య తెలివి తెచ్చుకున్నట్టే కనిపిస్తాయి. ముప్ఫై దాటిన చాలామందికి ఇప్పుడు రెండు మూడేళ్ల ఒప్పందాలతోనే సరిపెడుతున్నారు. పెద్ద మొత్తాలు చిన్న వయసువాళ్లకు పోతున్నాయి. 19 ఏళ్లకే మేజర్ లీగ్‌లో అడుగుపెట్టిన హువాన్ సోటో 26 ఏళ్లకే ఫ్రీ ఏజెంట్ అయ్యాడు. 2024 డిసెంబరులో న్యూయార్క్ మెట్స్ అతనికి 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్లు రాసిచ్చింది. 2025 వసంతంలో సోటో తడబడితే అప్పుడే గొణుగుడు మొదలైంది. ఆ సీజన్ 43 హోమ్ రన్లతో ముగించాడు. ఒప్పందం ముగిసే 2039కి అతనికి 41 వస్తాయి.