పాత రెక్కలు – కొత్త ప్రయాణాలు

అనకాపల్లి ప్రాంతంలో చెరకు పండించే రైతు పాత గానుగను కొనదలచినప్పుడు, అది ఏ సంవత్సరంలో తయారైనదని మాత్రమే అడిగి ఊరుకోడు. ఎన్ని సీజన్లు చెరకు ఆడిందో, రోలర్లు ఎంతమేరకు అరిగాయో, ఏయే భాగాలు మార్చారో విచారిస్తాడు. వెలకంటె వాడుకను పరీక్షించడం ముఖ్యమని అతనికి అనుభవం నేర్పింది. కోట్ల రూపాయల విలువగల విమానాన్ని సమకూర్చుకొనే సంస్థకు కూడ ఈ వివేకమే అవసరం. చౌక ఛార్జీల విమాన సంస్థలు పాత విమానాలను ఎందుకు ఎన్నుకొంటాయో, అందలి లాభనష్టాలేమిటో ఈ పాఠంలో తెలుసుకొందాం.

లోపల నడవడానికి ఒకే దారి ఉండి, దానికి ఇరువైపుల రెండేసి గాని మూడేసి గాని సీట్లుండే విమానాలను నారోబాడీ విమానాలంటారు. బోయింగ్ 737, ఎయిర్‌బస్ 320, బ్రెజిల్ దేశంలో తయారయ్యే ఎంబ్రాయర్ 190 ఈ తరగతికి చెందినవి. ఒకటి రెండు గంటల ప్రయాణాలకు ఇవి మిక్కిలి అనువైనవి. చౌక విమానయానానికి మార్గదర్శి అయిన అమెరికా సంస్థ సౌత్‌వెస్ట్ 1971లో మూడు బోయింగ్ 737 విమానాలతో సేవలు ప్రారంభించింది. అన్నీ ఒకే రకం విమానాలైతే పైలట్లకు ఒకే శిక్షణ చాలు; మరమ్మతులకు ఒకే రకం విడిభాగాలు సరిపోతాయి. విమానం నేలపై నిలిచి ఉన్నంతసేపు ఆదాయం రాదు గనుక, దిగిన వెంటనే మరల ఎగరడం రెండవ సూత్రం.

కొత్త విమానానికి ఆర్డరు ఇచ్చిన సంస్థ సంవత్సరాల తరబడి నిరీక్షించవలసి ఉంటుంది. పాత విమానం కొద్ది నెలలలోనే చేతికి వస్తుంది. పైగా దాని నెలసరి అద్దె తక్కువ. 2003లో కెప్టెన్ గోపీనాథ్ నెలకొల్పిన ఎయిర్ డెక్కన్ పాత ఏ.టి.ఆర్. 42 విమానాలతోనే చిన్న పట్టణాలకు విమానయానాన్ని పరిచయం చేసింది. తరువాతనే ఎయిర్‌బస్ 320 జెట్ విమానాలను చేర్చుకొంది. కొత్త విమానాలకు పేరుపడిన ఇండిగో సైతం 2014లో సింగపూరుకు చెందిన టైగర్‌ఎయిర్ వాడిన ఎయిర్‌బస్ 320లను అద్దెకు తీసుకోవడానికి ఒప్పందం చేసుకొంది.

అయితే అద్దెలో మిగిలిన సొమ్మంతా లాభం కాదు. కొత్త ఇంజన్లు గల ఎయిర్‌బస్ 320 నియో, పాత 320 కంటె సుమారు 15 శాతం తక్కువ ఇంధనంతో నడుస్తుంది. ఇంధనం ధర పెరిగిన కొద్దీ పాత విమానం భారమవుతుంది. వయసు మీరిన కొద్దీ భారీ తనిఖీలకు వ్యయమూ, కాలమూ పెరుగుతాయి. అద్దెను సాధారణంగా డాలర్లలో చెల్లించాలి. టిక్కెట్ల ఆదాయం మాత్రం రూపాయలలో వస్తుంది. రూపాయి విలువ తగ్గితే, ఒక్క ప్రయాణికుడు తగ్గకపోయినా నష్టం తప్పదు.

పాత విమానం ప్రమాదకరమా? వయసొక్కటే దీనికి సమాధానం చెప్పదు. విమానం ఎగిరిన ప్రతిసారీ లోపలి గాలి పీడనంవల్ల దాని దేహం కొద్దిగా సాగి, దిగినపుడు యథాస్థితికి వస్తుంది. ఇట్లా వేల పర్యాయాలు జరిగితే లోహం అలసిపోయి సూక్ష్మమైన పగుళ్ళు ఏర్పడతాయి. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవులలో అలోహా సంస్థకు చెందిన బోయింగ్ 737 పైకప్పు ఆకాశంలోనే ఊడిపోయింది. ఒక విమాన పరిచారిక మరణించింది. పందొమ్మిదేళ్ళ ఆ విమానం అప్పటికి 89,680 పర్యాయాలు ఎగిరింది. ఈ దుర్ఘటన తరువాత పాత విమానాల తనిఖీ నియమాలు ఎంతో కఠినమయ్యాయి. తనిఖీలు సక్రమంగా జరిగిన పాత విమానం నమ్మదగినదే. ఖర్చు తగ్గించుకోవడానికి తనిఖీని వాయిదా వేయడమే అసలైన ప్రమాదం.

మన ప్రాంతపు అనుభవం కూడ గుర్తుంచుకోదగినది. విజయవాడ కేంద్రంగా ఎయిర్ కోస్టా 2013 అక్టోబరులో సేవలు ప్రారంభించింది. అద్దెకు తెచ్చిన 67 సీట్ల ఎంబ్రాయర్ 170లతో మొదలుపెట్టి, 112 సీట్ల ఎంబ్రాయర్ 190లకు మారింది. విశాఖపట్టణానికీ విమానాలు నడిపింది. 2014 ఫిబ్రవరిలో 50 కొత్త ఎంబ్రాయర్ జెట్‌లకు ఆర్డరు ఇచ్చి అందరి దృష్టిని ఆకర్షించింది. కాని అద్దె విమానాల చిక్కులు, పెట్టుబడి కొరత ముదరడంతో 2017 ఫిబ్రవరి చివర సేవలను నిలిపివేసింది. ఆర్డరు చేసిన కొత్త విమానాలలో ఒక్కటైనా రాకముందే ఆ కల చెదిరిపోయింది. కొద్ది విమానాలే ఉన్న సంస్థకు ఒక్కటి ఆగినా రాకపోకలన్నీ తారుమారవుతాయి. ప్రయాణికుల నమ్మకం సడలుతుంది. ఉద్యోగుల జీవనం కుంటుపడుతుంది.

చౌక విమానయానం సామాన్యునికి ఆకాశమార్గాన్ని తెరచింది. దూరదేశంలోని బిడ్డను చూడడానికో, వైద్యం కోసమో అనకాపల్లినుండి విశాఖ విమానాశ్రయానికి బయలుదేరే కుటుంబానికి ఆ టిక్కెట్టు ధర ఎంతో ముఖ్యం. ఆ ధర తగ్గడానికి పాత రెక్కలు తోడ్పడవచ్చు. అయితే ఆ రెక్కలను కాపాడేది నిజాయితీతో కూడిన తనిఖీ, ముందుచూపుతో కూడిన లెక్క. పాత గానుగను పరీక్షించి కొనే రైతు మనకు నేర్పే పాఠం ఇదే.