వాసనకు పారిపోయేవి కొన్నే!

పొద్దున్నే పూజకు పూలు కోద్దామని బాల్కనీలోకి వెళ్తే మందారం మొగ్గల చుట్టూ దూది అంటించినట్టు తెల్లగా పిండినల్లి. పక్కనే గులాబీ లేతచిగురు నిండా పేనుబంక, దాని వెంట చీమల బారు. మందు కొడదామంటే అడుగు దూరంలోనే ఆరేసిన బట్టలూ, ఆడుకునే పిల్లలూ. అపార్ట్‌మెంట్లలో పూలు పెంచే వాళ్లకు అలవాటైన ఇబ్బందే ఇది. అందుకే సిట్రొనెల్లా, నిమ్మగడ్డి, పుదీనా, లవంగ నూనెల సీసాలు మెల్లగా కుండీల పక్కకు చేరుతున్నాయి.

మొక్కలు ఈ వాసనల్ని తయారుచేసుకునేది మన ముక్కు కోసం కాదు. ఆకు తినడానికొచ్చే పురుగుల్ని దూరం పెట్టడానికి వాటికి పనికొచ్చే ఆయుధాలివి. చాలా పురుగులు తిండిని వాసన పట్టే వెతుక్కుంటాయి. మధ్యలో ఇంకో ఘాటు అడ్డొస్తే దారి తప్పుతాయి. లవంగ నూనెలోని యూజినాల్ అయితే వాటి నాడుల మీదా పనిచేస్తుంది.

చిక్కల్లా ఏంటంటే... ఎంత తొందరగా గుప్పుమంటాయో అంత తొందరగానూ ఆవిరైపోతాయివి. ఎండా గాలీ తగిలే బాల్కనీలో పొద్దున పెట్టిన వాసన సాయంత్రానికే పల్చబడుతుంది. పైగా ఎగిరొచ్చి వాలేవాటిని కొంత ఆపగలదేమో గానీ, కాడను పట్టుకుని రసం పీల్చే పిండినల్లి వాసనకు కదలదు. దాన్ని తడిగుడ్డతోనో పాత టూత్‌బ్రష్‌తోనో తుడిచెయ్యాల్సిందే. పేనుబంకను నీటిధారతో కడిగెయ్యాలి. చీమల్నీ వదలకూడదు. పేనుబంక విసర్జించే తియ్యని జిగురు కోసం అవే దానికి కాపలా కాస్తాయి మరి!

ఇవన్నీ అయ్యాకే నూనె. చిన్న మూతలో దూది ఉంచి మూడు నాలుగు చుక్కలు వేసి కుండీల మధ్య పెట్టాలి. మట్టిలో పొయ్యకూడదు. రోజూ మార్చాలి. ఆకుల మీద చల్లాలంటే లీటరు నీళ్లలో కాస్త ద్రవ సబ్బు కలిపి, అందులో నాలుగైదు చుక్కలే వెయ్యాలి. ముందు ఒక్క ఆకు మీద చల్లి, రెండ్రోజులు చూశాకే మిగతా మొక్కకు. అదీ ఎండ తగ్గాక. తేనెటీగలు వచ్చే విచ్చిన పూలను వదిలెయ్యాలి. ఘాటు పెరిగితే ఫలితమూ పెరుగుతుందనుకోవడం మనవాళ్లకు అలవాటే గానీ, విదేశాల్లో లవంగ నూనెను కలుపు చంపడానికీ వాడతారని గుర్తుంటే చెయ్యి కాస్త ఆగుతుంది.

ఇంట్లో పిల్లి ఉంటే మాత్రం ఈ నూనెల జోలికి పోకపోవడమే మేలు. ఒంటికి అంటినదాన్ని అది నాకేస్తుంది, దాని కాలేయం వాటిని సరిగా విరగ్గొట్టలేదు. పసిపిల్లల చేతికీ సీసాలు అందకూడదు.

వేపనూనెనూ వీటి జాబితాలోనే కలిపేస్తుంటారు. దాని తీరు వేరు. గింజల్ని గానుగాడితే వచ్చే ఆ నూనె అంత తేలిగ్గా ఆవిరి కాదు. అందులోని అజాడిరాక్టిన్ పురుగుల ఆకలిని చంపి, కుబుసం విడవకుండా చేస్తుంది. లీటరు నీళ్లకు అయిదు మిల్లీలీటర్ల నూనె, కొద్దిగా సబ్బు కలిపి వారానికోసారి సాయంత్రం పూట చల్లితే పిండినల్లి మీదా పనిచేస్తుంది. పట్టిన కుండీని మాత్రం ముందే మిగతావాటికి దూరంగా జరపాలి.