బావి చుట్టూ ఉన్న బావి

చిట్టితల్లీ, మన మంచినీళ్ల బావి వెనక చేలో వెంచర్ వేశారని, రంగురంగుల జెండాలు పాతారని మురిసిపోతూ చెప్పావు. అప్పట్నుంచీ నాకు నిద్ర పట్టట్లేదమ్మా. అక్కడ ఇంటింటికీ ఒక సెప్టిక్ ట్యాంకు, పక్కనే ఇంకుడు గుంత వస్తాయి. ఆ గుంతలో ఇంకింది ఎటు పోతుందంటావు?

చేసి చూద్దాం, రా. ప్లాస్టిక్ సీసా అడుగు కోసి, మూతికి గుడ్డ కట్టి, తలకిందులుగా పట్టుకో. కడిగిన ఇసుక నింపు. ముందు బురద నీళ్లు పొయ్యి, మెల్లగా. చూశావా, మట్టి చాలావరకు పైనే ఉండిపోయింది! ఇప్పుడు ఉప్పు నీళ్లు పొయ్యి. దిగిన చుక్క నాలుక మీద వేసుకుని ఉమ్మెయ్. ఉప్పగానే ఉంది కదూ? నేల కూడా అంతే. మలమూత్రాల్లోని నత్రజని మట్టిలో నైట్రేటుగా మారి, ఆ ఉప్పులాగే నీళ్లతో పాటు దిగిపోతుంది. కాచినా పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశపు ప్రమాణం. మించిన నీళ్లలో పాలపొడి కలిపి పడితే, నెలల పిల్లల రక్తం ప్రాణవాయువును సరిగా మొయ్యలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది.

క్రిముల సంగతి వేరు. మెత్తటి మట్టిలో మెల్లగా నడిస్తే చాలావరకు దారిలోనే చస్తాయి. అందుకే జర్మనీలో, నీరు బావిని చేరడానికి 50 రోజులు పట్టే మేర హద్దు గీసి, దాని లోపల మామూలుగా ఇళ్లు కట్టనివ్వరు. మనదేమో రాతి నేల. పగుళ్లలో పడిన మురుగును వడగట్టే ఇసుక ఎక్కడుంది? పైగా మనం మోటారు వేసినప్పుడల్లా చుట్టుపక్కల నీరు బావివైపే వస్తుంది.

1854లో లండన్‌లో, బ్రాడ్ వీధి పంపు నీళ్లు తాగి వందలమంది కలరాతో పోయారు. తర్వాత తవ్వి చూస్తే, ఒక ఇంటి మురుగు గుంత ఇటుకలు వదులై ఉన్నాయి. ఆ గుంతకూ ఆ పంపు కింది బావికీ మధ్య దూరం మూడడుగులు కూడా లేదు. ఆ ఇంట్లో జబ్బుపడ్డ పసిపాప గుడ్డలు ఉతికిన నీళ్లు ఆ గుంతలోకే పోసేవారు.

ఇళ్లు వద్దనడం లేదమ్మా, మనుషులకు నీడ కావాలి. మురుగును గొట్టాల్లో బావికి దూరంగా, పల్లానికి తీసుకుపోమందాం. ఇంకా పునాదులు తియ్యలేదు. టేపు పట్టుకుని రా, బావి గట్టు నుంచి మొదటి ప్లాటు రాయి దాకా కొలుద్దాం. పంచాయతీకి రాసే అర్జీలో ఆ కొలత నీ చేత్తోనే వేద్దువుగాని.