మూలుగ మార్పిడి తరువాత ఇల్లు

ఎముకల లోపలి మెత్తని గుజ్జును వైద్యులు ఎముక మజ్జ అంటారు, వాడుకలో అది మూలుగ. శరీరానికి కావలసిన రక్తకణాలన్నీ అందులోని మూలకణాల నుంచే నిరంతరం పుడుతుంటాయి. తలసేమియా, అప్లాస్టిక్ అనీమియా, కొన్ని రకాల లుకేమియా వంటి జబ్బుల్లో రోగి మూలుగను తీవ్రమైన మందులతో అణచివేసి, దాని స్థానంలో సరిపోలిన దాత మూలకణాలను నింపే చికిత్సే మూలుగ మార్పిడి. పేరు విన్నవారు పెద్ద ఆపరేషన్‌ను ఊహించుకుంటారు గాని, రోగికి మటుకు అది రక్తం ఎక్కించినట్టే సన్నని గొట్టం ద్వారా కొద్ది గంటల్లో ముగుస్తుంది. కోలుకోవడం మాత్రం నెలల తరబడి సాగే పని. అందులో ఎక్కువ భాగం ఇంట్లో, వైద్యం చదవని మనుషుల చేతుల మీదుగా జరుగుతుంది.

దాతను వెతకడంతోనే కుటుంబం ఈ చికిత్సలో భాగమవుతుంది. తన కణాలేవో, పరాయివేవో శరీరం పోల్చుకోవడానికి పనికివచ్చే గుర్తులను హెచ్‌ఎల్‌ఏ అంటారు; ఇవి తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తాయి కనుక ఒక్కొక్క తోబుట్టువు పూర్తిగా సరిపోలే అవకాశం 25 శాతమే. మేనరికాలున్న కుటుంబాల్లో తోబుట్టువులను దాటి ఇతర బంధువుల్లోనూ సరిపోలిక దొరికే వీలు కొంత ఎక్కువ. తలసేమియా వంటి వంశపారంపర్య జబ్బు బిడ్డకు వచ్చే అవకాశాన్ని పెంచేది కూడా ఆ మేనరికమే. ఎవరూ పూర్తిగా సరిపోలనప్పుడు, సగం సరిపోలిన తల్లిని గాని తండ్రిని గాని దాతగా తీసుకునే పద్ధతి ఇప్పుడు వాడుకలో ఉంది. బిడ్డకు రక్తం కావాలనగానే రక్తసంబంధీకులు ముందుకు రావడం సహజమే అయినా, మార్పిడికి ముందు వారి రక్తం ఎక్కిస్తే దాత కణాలను తిప్పికొట్టే గుణం రోగి శరీరానికి అలవడవచ్చు కనుక వారిని వైద్యులు వారిస్తారు.

కణాలు ఎక్కించిన రోజును సున్నాగా పెట్టుకొని ఆస్పత్రి లెక్క మొదలుపెడుతుంది. సూక్ష్మజీవులతో మొదట తలపడే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు మైక్రోలీటరు రక్తంలో 500కు చేరి వరుసగా మూడు రోజులు నిలిస్తే కొత్త మూలుగ నాటుకుందని భావిస్తారు. ఇందుకు సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నోటి పూతతో గుక్కెడు నీళ్లు మింగడం కూడా కష్టమయ్యే ఆ వారాలను రోగి వడపోసిన గాలి ఉండే గదిలో, తోడున్న ఒక్కరితో గడుపుతాడు.

నాటుకున్న కణాలు అప్పుడే పుట్టిన సైన్యం వంటివి, వాటి సంఖ్య పెరిగినా శిక్షణ పూర్తి కాదు. అందుకే ఆస్పత్రి నుంచి విడుదలైనా దాదాపు 100వ రోజు వరకు దగ్గరలోనే ఉండమంటారు. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో హైదరాబాద్‌కు, వేలూరుకు వచ్చిన కుటుంబాలు గది అద్దెకు తీసుకొని అక్కడే వంట పెట్టుకోవలసి వస్తుంది. తెలుగు కుటుంబాలకు అసలు పరీక్ష ఎదురయ్యేది ఇక్కడే. జబ్బుపడిన మనిషిని చూడడానికి పళ్లు పట్టుకొని వెళ్లడం, మంచం పక్కన కూర్చొని చేయి పట్టుకోవడం, గుడి నుంచి తెచ్చిన ప్రసాదం నోట్లో పెట్టడం మనకు మర్యాదే కాదు, మనసు చెప్పుకొనే పద్ధతి కూడా. ఈ నెలల్లో మాత్రం అవన్నీ ప్రమాదకరం. వచ్చినవారి మామూలు జలుబు రోగికి న్యుమోనియా కావచ్చు, పూలకుండీ మట్టిలోని బూజు ఊపిరితిత్తులను పట్టవచ్చు. రావద్దని చెప్పే భారం తల్లి మీద పడితే ఆమెకు గర్వమన్న పేరు వస్తుంది కనుక, ఆ మాట అత్తమామలో, తాతయ్యో చెప్పడం మేలు. మరో చిక్కు పోలియో చుక్కలది. నోటి ద్వారా వేసే ఆ టీకాలో ఉన్నది బలహీనపరచిన సజీవ వైరస్ కాబట్టి, ఇంట్లో మరో పసిబిడ్డ ఉంటే చుక్కలు వేయించే ముందు మార్పిడి చేసిన వైద్యులను అడిగి తీరాలి.

వంటలో నియమాలు కఠినమైనవే గాని అర్థంకానివి కావు: అప్పటికప్పుడు వండిన వేడి అన్నం, బాగా ఉడికిన కూర, కాచి చల్లార్చిన నీళ్లు మంచివి, పచ్చి ఉల్లిముక్కలు, నిలవ పచ్చళ్లు, బయట తిండి కూడవు. నాలుకకు రుచి తెలియని రోగి తినలేకపోతే అది మొండితనం కాదు. తిండిలో మరో జాగ్రత్త మందుతో ముడిపడినది. దాత కణాలు రోగి శరీరాన్నే పరాయిదిగా ఎంచి దాడి చేయడాన్ని జీవీహెచ్‌డీ అంటారు. దాన్ని అదుపులో ఉంచే సైక్లోస్పోరిన్ వంటి మందు మోతాదు, రోగి పంపరపనస తింటే, రక్తంలో మించిపోగలదు. ఆ మందు ఎంత ఉందో చూసే పరీక్షకు ఉదయపు మోతాదు వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. శ్రద్ధగా వేళకు మాత్ర వేసి ఆస్పత్రికి తీసుకువెళ్లే కుటుంబాలే ఇక్కడ పొరబడుతుంటాయి. ఒంటిమీద దద్దుర్లు, ఆగని విరేచనాలు, పచ్చబడిన కళ్లు దాత కణాల దాడికి గుర్తులు. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ తాకితే తెల్లారేదాకా ఆగకుండా, ఇంట్లో ఉన్న మాత్ర వేయకుండా, ఆస్పత్రికి ఫోన్ చేయాలి.

ఈ హడావిడిలో మరుగున పడే మనిషి దాత అయిన అన్నో చెల్లెలో. మత్తు ఇచ్చి తుంటి ఎముక నుంచి తీసిన మూలుగ కొన్ని వారాల్లో తిరిగి పూడుతుంది, నొప్పి కొద్ది రోజుల్లో తగ్గుతుంది. కానీ మార్పిడి విఫలమైతే తన మూలుగ మంచిది కాదని ఆ పసిమనసు అనుకోవచ్చు, సఫలమైతే ఇంటి దృష్టంతా మరో బిడ్డ మీదనే నిలిచి తనను ఎవరూ పట్టించుకోరని బాధపడవచ్చు. ఫలితం ఏదైనా అది దాత చేతిలో లేదన్న మాట కణాలు తీయకముందే ఆ బిడ్డకు చెప్పి ఉంచడం అవసరం.

ఖర్చు లక్షల్లో ఉంటుంది. సరిపోలిన దాత ఉన్న తలసేమియా పిల్లలకు 2017లో మొదలైన తలసేమియా బాల సేవా యోజన కింద కోల్ ఇండియా 10 లక్షల రూపాయల వరకు భరిస్తోంది గాని, గది అద్దె, పోయిన కూలి, ఊళ్లో వదిలిన పొలం ఏ పథకపు లెక్కలోకీ రావు. ఆ భాగాన్ని పంచుకోవడమే బంధువులు చేయగల నిజమైన సాయం. కోలుకోవడానికి పట్టే కాలమూ తక్కువ కాదు: రోగికి పాత టీకాల రక్షణ చెరిగిపోయి మళ్లీ మొదటి నుంచి వేయించుకోవాలి, తట్టు టీకా వంటివి రెండేళ్లు గడిస్తేగాని వేయరు. అంత కాలం ఒక్క తల్లి మీదనే మందుల వేళలూ వంటా మోపడం కుదరదు. ఆమెకే జలుబు చేస్తే ఆ రోజు బిడ్డ దగ్గరికి ఆమె పోకూడదు కనుక, మాత్రల పట్టికా, రోగి ఒంటికి అమర్చిన గొట్టం శుభ్రపరిచే తీరూ ఇంట్లో రెండో మనిషికి కూడా విడుదలకు ముందే నర్సు చేత నేర్పించాలి.