కారు సీటు మీద జీవామృతం ఒలికిందా? బ్లీచింగ్ జోలికి మాత్రం పోవద్దు

ఈసారి వీడియోలో పంట గురించి కాదు, కారు సీటు గురించి మాట్లాడుకుందాం. నవ్వుకోకండి. మన పొన్నూరు చుట్టుపక్కల సహజ సాగు చేసే చాలామందికి పాత కారే సామాను బండి. జీవామృతం క్యాన్లు, వేప నూనె డబ్బా, దుగ్గిరాల నుంచి పసుపు, గుంటూరు వెళ్లే దారిలో మిరపకాయల సంచి అన్నీ అందులోనే. ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని పెళ్లికి వెళ్లేదీ అందులోనే.

పోయిన వేసవిలో ఇరవై లీటర్ల క్యాన్ నిండా జీవామృతం పోసి, మూత గట్టిగా బిగించి చేబ్రోలు వైపు మా బావగారి పొలానికి బయల్దేరాను. బెల్లం, శనగపిండి ఉన్న ద్రావణం ఎండకి పులుస్తూనే ఉంటుంది, గ్యాస్ వస్తూనే ఉంటుంది కదా. దారిలో క్యాన్ ఉబ్బి మూత ఎగిరిపోయింది. వెనక సీటంతా తడిసింది. తెలిసినాయన ఒకరు "బ్లీచింగ్ నీళ్లు కొట్టు, వాసన పోద్ది" అన్నారు. షెడ్డులో కారు తలుపులు వేసి ఉండగానే కాస్త చల్లాను. నిమిషంలో కళ్లు మండి, ఊపిరాడక బయటికి పరిగెత్తాను.

ఎందుకలా అయిందంటే, ఆవు మూత్రం పులిస్తే అందులో అమ్మోనియా తయారవుతుంది. దానికి బ్లీచింగ్ తగిలితే క్లోరమైన్ అనే విషవాయువులు వస్తాయి. మూసిన కారులో అది చాలా ప్రమాదం. బ్లీచింగ్‌కి వెనిగర్ తోడైతే క్లోరిన్ వాయువు వస్తుంది, అదీ ప్రమాదమే. అందుకే సీట్ల దగ్గరికి బ్లీచింగ్ అసలు తీసుకురాకండి. పొరపాటున కలిపితే తలుపులన్నీ తీసేసి దూరంగా వెళ్లండి.

ముందు కుంకుడు నురగ చేసుకోండి

పదిహేను కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, అర లీటరు వేడి నీళ్లలో రాత్రి నానబెట్టండి. పొద్దున పిసికి పల్చటి గుడ్డలో వడకట్టి, బాగా చిలకండి. మనకు కావాల్సింది పైన వచ్చే నురగ మాత్రమే. రసం పోస్తే లోపలి స్పాంజి నానుతుంది, లేత రంగు గుడ్డకి గోధుమ మరక కూడా పడొచ్చు. ఏదైనా ముందు సీటు కింద కనపడని చోట కొంచెం రాసి, ఆరాక చూసుకోండి.

ఏ మరకకి ఏం చేయాలి

జీవామృతం, పేడ, మూత్రం: చన్నీళ్లే వాడాలి. శనగపిండిలో, పేడలో ఉన్న మాంసకృత్తులు వేడి నీళ్లకి గుడ్డకి పట్టేస్తాయి. ముందు పొడి టవల్‌తో అద్ది తడి లాగేయండి, రుద్దొద్దు. తర్వాత ఒక వంతు తెల్ల వెనిగర్‌కి రెండు వంతుల నీళ్లు కలిపి లైట్‌గా స్ప్రే చేసి, పది నిమిషాలాగి అద్దండి. అమ్మోనియా వాసన దీంతో బాగా తగ్గుతుంది. చివర్లో కుంకుడు నురగ, తడిగుడ్డ.

నల్లరేగడి బురద: తడి మీద ముట్టుకోవద్దు. ఆ మట్టి నీళ్లు తాగి ఉబ్బి, జిగటగా గుడ్డలోకి దిగుతుంది. పూర్తిగా ఎండనిచ్చి, బ్రష్‌తో దులిపి, వ్యాక్యూమ్ పెట్టాక మిగిలిన మరకకే నురగ వాడండి.

పసుపు: ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. సబ్బు పొడి వేయగానే మరక ఎర్రగా మారుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది చూడండి, ఇదీ అంతే. బట్టల సోడాకి, వంట సోడాకి కూడా ఆ గుణం ఉంది. ఎర్రబడితే కంగారు పడకండి, వెనిగర్ నీళ్లు అద్దితే మళ్లీ పసుపు రంగుకి వస్తుంది. అసలు మందు ఎండ. పసుపు రంగు ఎండకి నిలవదు. కుంకుడు నురగతో అద్ది, తలుపు తీసి మరక మీద నేరుగా ఎండ పడేలా రెండు మూడు రోజులు ఉంచండి.

మిరప కారం: దీని రంగు నూనెలో కరుగుతుంది, నీళ్లలో కరగదు. నీళ్లు పోస్తే మరక పెద్దదవుతుంది. మాస్క్ కట్టుకుని ముందు పొడిగానే వ్యాక్యూమ్‌తో లాగండి. తర్వాత గిన్నెలు కడిగే లిక్విడ్ రెండు చుక్కలు తడిగుడ్డ మీద వేసి, మరక అంచు నుంచి మధ్యకి అద్దుతూ రండి. ఆ చేత్తో కళ్లు తుడుచుకోవద్దు.

వేప నూనె: వెంటనే వంట సోడా చల్లి, రెండు మూడు గంటలుంచి, నూనె పీల్చాక దులిపేయండి. మిగిలినదానికి గిన్నెల లిక్విడ్. వాసన పూర్తిగా పోవడానికి కొన్ని రోజులు పడుతుంది.

ఇంకో మాట. వెనిగర్, సోడా కలిపితే బుసబుసమని పొంగుతుంది గానీ ఒకదాని బలం ఇంకొకటి తినేస్తుంది. విడివిడిగా వాడండి. కలిపి సీసాలో పోసి మూత బిగిస్తే నా క్యాన్ గతే.

ఆరబెట్టడమే సగం పని

స్పాంజిలో తడి ఉండిపోతే బూజు పట్టి, మొదటి వాసన కన్నా కంపు కొడుతుంది. తలుపులన్నీ తీసి ఎండలో పెట్టండి, నీడలో అయితే ఫ్యాన్ పెట్టండి. ముసురు పట్టిన రోజున ఈ పని పెట్టుకోవద్దు. కొన్ని కార్లకి సీటు పక్కనే ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, ఆ కుట్టు దగ్గర నీళ్లు వద్దు.

అన్నిటికన్నా తేలిక, మరక పడకుండా చూసుకోవడం. జీవామృతం క్యాన్ ముప్పావు వంతే నింపండి, మూత కాస్త వదులుగా పెట్టండి, డిక్కీలో ప్లాస్టిక్ టబ్బులో నిలబెట్టి కట్టండి. సీటు మీద పాత టార్పాలిన్ ముక్క, దాని మీద గోనె సంచి పరవండి. పొలంలో మందులు వద్దనుకున్న మనం, పిల్లలు కూర్చునే చోట ఘాటు మందులు కొట్టుకోవడం ఎందుకండీ?