ఎండ ముదిరితే తెల్లబడే కిటికీ: ఎందుకు? ఎలా?

మే నెలలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కిటికీ అద్దం వెలుగుతోపాటు ఆ వేడినీ లోపలికి పంపేస్తుంది. పరదా వేస్తే గది చీకటి, పట్టపగలే లైటు వేసుకోవాలి. అదే, ఎండ ముదిరినప్పుడు అద్దమే తెల్లబడితే?

అలాంటి అద్దం తయారుచేయవచ్చు. రెండు అద్దాల నడుమ నీళ్లు నిండిన జెల్ పెడతారు. అందులో పీనిపామ్ అనే పాలిమర్ ఉంటుంది. చిన్న అణువులు వేలకొద్దీ గొలుసులా కలిస్తే పాలిమర్. సిరిసిల్ల మరమగ్గాల మీద నేసే పాలిస్టర్ కూడా పాలిమరే.

చల్లగా ఉన్నప్పుడు ఈ గొలుసులు నీటి అణువులను పట్టుకుని విచ్చుకుని ఉంటాయి, వెలుగు సాఫీగా దాటిపోతుంది. సుమారు 32 డిగ్రీలు దాటగానే ఆ పట్టు సడలుతుంది. గొలుసులు ముడుచుకుని గుంపులు కడతాయి. వాటికి తగిలి వెలుగు చెదురుతుంది, కొంత బయటికే మళ్లిపోతుంది. అద్దం పాలలా కనిపిస్తుంది. చల్లబడితే మళ్లీ తేట! ఈ మార్పుకు కరెంటే అక్కర్లేదు. నన్ను అన్నిటికన్నా అబ్బురపరిచేది అదే.

2020లో సింగపూర్‌లోని నాన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు ఇలాంటి జెల్‌ను ద్రవంగా అద్దాల మధ్య నింపి చూపించారు. అందులోని నీరు కూడా కొంత వేడిని దాచుకుంటుంది.

మన వేసవిలో రాత్రిళ్లు కూడా ఉక్కే కదా, అద్దం ఎప్పుడూ తెల్లగానే ఉండిపోదా? పాలిమర్‌లో వేరే అణువులు కలిపి ఆ 32ను పైకి జరపవచ్చు. అసలు కష్టం అంచుల దగ్గర: జెల్‌లోని నీరు ఏళ్ల తరబడి ఆవిరైపోకుండా బిగించాలి.