తుపాను వచ్చువేళ, వెళ్లినవేళ

చీరాల చెంతనున్న వాడరేవు మొదట గుంటూరు జిల్లాలోనిది. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినది. ఆ జిల్లాయే తరువాత ప్రకాశమైనది. 2022 ఏప్రిలునుండి బాపట్ల జిల్లాలో ఉన్నది. కచేరీలు మారినను సముద్రము మారలేదని చెప్పబోయి ఆగుచున్నాము. బంగాళాఖాతపు నీరు వేడెక్కుచున్నది. వేడినీటిపై బలిసిన తుపాను ఎక్కువ తేమను మోసికొనివచ్చి కుండపోతగా కురియును. ఈ మార్పుతో ప్రభుత్వ సంస్థలు అడుగు కలుపగలుగుచున్నవా?

ప్రాణరక్షణలో చాలవరకు కలుపగలిగినవి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో దాదాపు 10,000 మంది మరణించిరి. తరువాత తీరము వెంబడి తుపాను రక్షణ భవనములు కట్టిరి. 1990 మేలో ప్రచండమైన తుపాను వచ్చినపుడు లక్షకు పైబడిన జనమును ముందే తరలించిరి; మృతులు వేయికి లోపు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల సమీపమున తీరము దాటునాటికి హెచ్చరిక చేతిఫోనులోనికే వచ్చుచున్నది. రేడియోవారమైన మేము ఈ మాట కొంత అసూయతోనే చెప్పుచున్నాము. కరెంటు పోయిన రాత్రి బ్యాటరీ రేడియో పలుకునని మాత్రము గుర్తుచేయుదుము.

మనుష్యులు లేచి భవనమునకు పోగలరు. మిరపతోట పోలేదు. ఆ డిసెంబరున ఈ జిల్లాలలో కోతకు వచ్చిన వరి నేలవాలినది, మిరపచేలలో నీరు నిలిచినది. నల్లరేగడి నీటిని త్వరగా విడువదు. వేరునకు ఊపిరాడక మిరప వడలిపోవును. పగిలిన పత్తి కాయలోనే తడిసి రంగు మారును. రైతునకు అది గంటల లెక్క. కచేరీలో నష్టగణన, జాబితా, అభ్యంతరములు, తుది జాబితా, అటుపిమ్మట సొమ్ము. నిబంధనలు కదలనేలేదనరాదు: సగము పంట పోయిననే సాయమను హద్దును 2015లో 33 శాతమునకు తగ్గించిరి.

అయితే ఆ సాయము ఎవరి పేర వచ్చును? ఇచట సాగుచేయువారిలో అనేకులు కౌలుదార్లు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము వారికి కార్డు నిచ్చునది గాని, అందుకు భూయజమాని సంతకము కోరినది. భూమిపై హక్కు పోదని చట్టమే చెప్పినను, యజమానులు సంతకమునకు జంకిరి. ముందుగా కౌలు చెల్లించి, అప్పుచేసి మందులు చల్లిన మనిషి పేరు అట్లు జాబితాకు ఎక్కకపోవుట కలదు. కావున కౌలుదార్లు వాయుగుండపు వార్త వినువరకు ఆగక, పైరు నాటిన దినములలోనే ఈ-పంట నమోదులో తమ పేరున్నదో లేదో ఊరి రైతు సేవా కేంద్రమున చూచుకొనవలెను.